ఇవ్వని కళ్ళు

నాకు ముక్కు మీద కోపం. చేతిలో ఉన్న పని మీద పొగరు అంతకంటే ఎక్కువ. ఈ రెండూ కాస్త తక్కువై ఉంటే ఆ పిల్ల బతుకు ఇంకోలా ఉండేది. ముందే చెప్పేస్తే బరువు దిగుతుందేమోనని చెబుతున్నాను గాని, అది దిగే బరువు కాదని నాకు తెలుసు.

అరవై ఏడో, అరవై ఎనిమిదో. శ్రీకాకుళంలో నాకొక చిన్న ఫోటో స్టూడియో ఉండేది. ముందొక గది, వెనక చీకటి గది, గోడకి నేనే రంగులేసుకున్న మేడ బొమ్మ తెర. పెళ్ళిళ్ళకి పిలిచేవాళ్ళు, బళ్ళో పిల్లల్ని వరసగా నిలబెట్టి తియ్యడానికి పిలిచేవాళ్ళు. అయితే నాకు పేరొచ్చింది వాటి వల్ల కాదు. చచ్చిపోయినవాళ్ళకి కళ్ళు తెరిపిస్తాడని పేరు.

ఇది ఇప్పటివాళ్ళకి విడమరిచి చెప్పాలి. ఆ రోజుల్లో పల్లెల్లో చాలామంది ఒక్క ఫోటో కూడా దిగకుండానే బతుకు వెళ్ళదీసేవాళ్ళు. ఫోటో తీస్తే ఆయుష్షు తరిగిపోతుందని కొందరికి భయం. మిగతావాళ్ళకి ఆ ఆలోచనే ఉండేది కాదు. మనిషి పోయాక గాని, గోడకి పెట్టుకోవడానికి మొహం లేదని ఇంట్లోవాళ్ళకి తట్టేది కాదు. అప్పుడు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. నేను వెళ్ళి శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టించి, వీపుకి దిండు ఆనించి, బొట్టూ పువ్వులూ పెట్టించి తీసేవాణ్ణి. కాని మూసుకున్న కళ్ళ ఫోటో ఎవరికి కావాలి? అందుకని ఆ ఇంట్లోనే, రక్తసంబంధంలోనే, అలాంటి కళ్ళున్నవాళ్ళని ఒకర్ని చూసుకుని, అదే వెలుతురులో, అదే ఎత్తులో కూర్చోబెట్టి ఇంకో ఫోటో తీసేవాణ్ణి. స్టూడియోకి వచ్చాక ఈ కళ్ళు కత్తిరించి ఆ మొహంలో అతికించి, అతుకు కనపడకుండా సన్న కుంచెతో దిద్ది, మొత్తాన్ని మళ్ళీ ఫోటో తీసేవాణ్ణి. తమ్ముడి కళ్ళతో అన్న, కూతురి కళ్ళతో తల్లి గోడ మీద నుంచి చూసేవాళ్ళు. అతుకెక్కడుందో పట్టుకోండి చూద్దాం అని తోటి ఫోటోగ్రాఫర్లతో పందెం కట్టేవాణ్ణి. ఒక్కడూ పట్టుకోలేదు.

వానలు ఇంకా వెనక్కి తియ్యని రోజులు. ఒక పొద్దున నేను స్టూడియో తలుపు తీస్తుంటే మెట్ల మీద ఇద్దరు మనుషులు లేచి నిలబడ్డారు. మోకాళ్ళ దాకా బురద. అన్నదమ్ములని మొహాలే చెబుతున్నాయి. పెద్దాయనకి అరవై దాటి ఉంటాయి, చిన్నాయన ఓ పదేళ్ళు చిన్న. నాగావళి సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఒక పేట వాళ్ళది, చేపల వేట మీద బతికేవాళ్ళు.

"బాబూ, నా కోడలు సచ్చిపోనాది," అన్నాడు పెద్దాయన. "జొరం. మూడ్రోజుల్లో తీసుకుపోనాది. పది నెల్ల గుంట ఉన్నాది దానికి. ఆ గుంటకి తల్లి మొకం తెలీకండా పోద్ది. మీరొచ్చి కళ్ళు తెరిపించాల."

"దాన్ని పొద్దుగూకే లోపల తీసుకెల్లిపోవాల," అన్నాడు చిన్నాయన. "నావ కట్టుకుని వచ్చినాం. బండి దారి వానకి తెగిపోనాది."

నేను ఎప్పుడూ అడిగే మాటే అడిగాను. "ఆమెకి అక్కగాని, చెల్లెలుగాని ఉందా?"

అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చిన్నాయన తల దించేసుకున్నాడు.

"సెల్లి ఉన్నాది," అన్నాడు పెద్దాయన.

"కళ్ళు ఎలా ఉంటాయి?"

"అచ్చు గుద్దినట్టే ఉంటాయి బాబూ."

నాకదే కావాలి. వాళ్ళు ఎందుకలా చూసుకున్నారో అడగాలని కూడా తోచలేదు. కెమెరా పెట్టె, మూడుకాళ్ళ స్టాండు, ఆరు ప్లేట్లు తీసుకుని బయల్దేరాను.

నావ చిన్నది. పెద్దాయన వెనక తెడ్డు పట్టాడు, చిన్నాయన ముందు గెడ పట్టాడు, మధ్యలో పెట్టె ఒళ్ళో పెట్టుకుని నేను. పెట్టె మీద తాటాకు చాప కప్పి తాళ్ళతో కట్టారు. అయినా చుక్క పడ్డప్పుడల్లా నేను కసురుతూనే ఉన్నాను. ఏరు ఎర్రగా, బరువుగా పోతోంది. మబ్బు ఎంత కిందికి దిగిందంటే ఒడ్డున సరుగుడు చెట్ల కొసలు కనపడటం లేదు. ఎక్కడో ఒక చచ్చిన దూడ ఇసక మేటకి తట్టుకుని ఉంది, కాకులు దాని మీద. నాకు వెలుతురు మీదే బెంగ. ఇలాంటి మబ్బులో చచ్చినవాళ్ళని తియ్యడానికి ఇబ్బంది లేదు, వాళ్ళు కదలరు. బతికున్నవాళ్ళతోనే బాధ.

ఆ ఏటిని వాళ్ళు తమ ఇంటి వీధిలా ఎరుగుదురు. "ఇక్కడ నిలబడకండి బాబూ, సుడి ఉన్నాది." "ఇక్కడ దిగాల, మేట పడిపోనాది మొన్నటి వరదకి." నన్ను రెండుసార్లు నీళ్ళలోకి దింపి నావ తోశారు. లుంగీ పైకి కట్టుకుని, పెట్టె నెత్తిన పెట్టుకుని, "నన్నెందుకు తెచ్చారయ్యా ఈ నరకానికి" అని తిట్టుకుంటూ నడిచాను. చిన్నాయన నవ్వు ఆపుకుని, "ఫోటో బాబు కోపానికి ఏరే పక్కకి తప్పుకోవాల," అన్నాడు. ఆ మాటకి నాకూ నవ్వొచ్చింది. పెద్దాయన మాత్రం నవ్వలేదు.

మళ్ళీ లోతు వచ్చాక ఆకులో కట్టుకొచ్చుకున్న ఇడ్లీలు విప్పాను. తినండి అన్నాను. ఇంట్లో శవం పెట్టుకుని మేం ఎంగిలి పడం, అన్నారు. వాళ్ళ ముందు తినడానికి సిగ్గేసింది గాని ఆకలికి తినేశాను.

సగం దారిలో పెద్దాయన మొదలెట్టాడు.

"ఒరే, మళ్ళీ సెప్తన్నాను. నీ కొడుక్కి ఇంకో పిల్ల దొరుకుద్ది. నా మనవరాలికి ఇంకో తల్లి దొరకదు."

చిన్నాయన గెడ వేస్తూనే ఉన్నాడు. కాస్సేపటికి, "శవం ఇంకా ఇంట్లోనే ఉన్నాది అన్నా," అన్నాడు.

"అందుకే సెప్తన్నాను. రేపయితే మాట మారిపోద్ది."

నాకు అప్పుడు అర్థమైంది. పోయినామె చెల్లెల్ని ఈ చిన్నాయన కొడుక్కి ఇవ్వడానికి మాటలైపోయాయి. మాఘంలో పెళ్ళి. అక్క పెద్దాయన ఇంట్లో, చెల్లెలు చిన్నాయన ఇంట్లో తోడికోడళ్ళుగా ఉండాలి. ఇప్పుడు అక్క పోయింది గనక చెల్లెల్ని తన కొడుక్కే కట్టబెట్టాలని పెద్దాయన పట్టు. పసిపిల్లని పిన్నికంటే బాగా ఎవరు చూస్తారు? మన వైపు ఎవర్నడిగినా అదే మాటంటారు.

"ఆ గుంట మావోడి మీద మనసు పెట్టుకున్నాది," అన్నాడు చిన్నాయన. "వోడూ అంతే. ఇప్పుడు నేనెల్లి ఏటని సెప్పను?"

"అయితే దాన్నే అడుగుదాం."

"అది ఏటి సెప్తాది, పది మందిలో?"

పెద్దాయన తెడ్డు ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. నావ దానంతటది పోతోంది. "నోటితో అడగొద్దురా. అక్క మొకానికి దాని కళ్ళు కావాలని ఈ బాబు అంటన్నారు గదా. ఫోటోకి కూకుని కళ్ళిచ్చినాదంటే, అక్క తావులోకి వచ్చినట్టే. ఇయ్యనన్నాదంటే ఇంక ఆ మాట నా నోట రాదు. మాఘంలో నీ గుమ్మం ముందర నేనే పందిరేస్తాను."

చిన్నాయన గెడ పక్కన పెట్టాడు. వంగి ఏట్లో చెయ్యి ముంచి కళ్ళకద్దుకున్నాడు. "గంగమ్మ మీద," అన్నాడు. అన్న కూడా చెయ్యి ముంచాడు.

నేనప్పుడు, నా ఫోటోని మీ పెళ్ళి మాటల్లోకి లాగకండి అని ఉండాల్సింది. గట్టిగా ఒక్క కసురు కసిరితే సరిపోయేది, మామూలుగా దేనికైనా కసిరేవాణ్ణే. నాకెందుకులే అనుకున్నాను. పైగా, సొంత అక్క ఫోటోకి ఏ పిల్ల కాదంటుందిలే అనుకున్నాను.

పేట చేరేసరికి మధ్యాహ్నం. ఇసకలో గుడిసెలు, ఆరేసి తడిసిపోయిన వలలు, ఆడవాళ్ళ ఏడుపు సముద్రపు హోరులో కలిసిపోయి వినపడుతోంది. పోయినామె మొగుడు గోడవారగా పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బలమైన మనిషి. పిల్ల వాడి వేలు నోట్లో పెట్టుకుని చీకుతోంది. వాడు నన్ను చూసి లేవబోయి, ఎందుకు లేవాలో మరిచిపోయినట్టు మళ్ళీ కూర్చుండిపోయాడు.

నావ దిగుతూనే పెద్దాయన ఆ అక్కచెల్లెళ్ళ తల్లిని పిలిచి, తను అనుకున్నది పదిమంది ఎదుటే చెప్పేశాడు. దాచిపెట్టలేదు, అంతవరకు ఆయన మంచివాడే. ఒక గడియలో పేట పేటంతా తెలిసిపోయింది.

వెలుతురు కోసం శవాన్ని చూరు కిందికి తెప్పించాను. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. చక్కటి మొహం, జ్వరానికి బాగా పీక్కుపోయి ఉంది. కుర్చీలో సర్ది, తల నిలబడటానికి జడ వెనక్కి తీసి కుర్చీకి కట్టించి, రెండు ప్లేట్లు తీశాను. ఆ పని చేస్తున్నప్పుడు నాకేమీ అనిపించేది కాదు, చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. తర్వాత శవాన్ని దించి, అదే కుర్చీ చూపించి చెల్లెల్ని పిలవమన్నాను.

వచ్చింది. పంతొమ్మిదేళ్ళుంటాయి. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయినా ఆ కళ్ళు చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. మొహం కొలత, కనుబొమ్మల మధ్య ఎడం, అన్నీ అక్కవే. ఇంత బాగా కలిసిన జత నాకెప్పుడూ దొరకలేదు. ఆ పిల్ల అక్క కూర్చున్న కుర్చీలో బుద్ధిగా కూర్చుంది. ఇటు చూడమ్మా అన్నాను, చూసింది. సరిగ్గా నేను కెమెరా షట్టరు తీసే రబ్బరు బంతి నొక్కే సమయానికి కళ్ళు మూసేసుకుంది.

రెప్ప పడిందేమో అనుకున్నాను. ఇంకో ప్లేటు పెట్టాను. మళ్ళీ మూసుకుంది. ఈసారి గట్టిగా, పిల్లలు మందు తాగేటప్పుడు మూసుకున్నట్టు.

"ఒసే, కళ్ళు తెరవ్వే!" అని తల్లి అరిచింది. "దాని మొకం సూడవే ఒక్కపాలి!"

మూడో ప్లేటూ అంతే. తల్లి వచ్చి వీపు మీద రెండు చరిచింది. ఆ పిల్ల కుర్చీలోంచి లేచి నిలబడింది.

"కొట్టినా, సంపినా నేనియ్యను," అంది. "అక్కకి నీళ్ళు పొయ్యమంటే పోస్తాను. పువ్వులెట్టమంటే ఎడతాను. దాని గుంటని పెంచమంటే పెంచుతాను, ఎక్కడున్నా పెంచుతాను. కళ్ళు మాత్రం నన్నడక్కండి. ఈయేల కళ్ళంటన్నారు, రేపు మడిసినంటారు. మీరేటనుకుంటన్నారో నాకు తెలీదేటి?"

పసిపిల్ల ఒక్కర్తే ఏదో కూస్తోంది. మొగుడు తల ఎత్తలేదు. చిన్నాయన వేరే వైపు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు.

పెద్దాయన దవడలు బిగుసుకున్నాయి. అయినా, "సర్లే, ఒగ్గేయండి దాన్ని," అన్నాడు. "మాటంటే మాటే."

అక్కడితో అయిపోయింది. ఆ పిల్ల గెలిచింది. ఆ అన్నదమ్ముల మధ్య పేచీ తీరిపోయింది. పెట్టె సర్దుకుని నేను వచ్చేస్తే సరిపోయేది. కాని నాకు ఒళ్ళు మండిపోతోంది. మూడు ప్లేట్లు తగలబడ్డాయి. ఎన్నడూ లేనిది, కళ్ళు లేని ఫోటో ఇచ్చాడన్న మాట పడాలి. అదీ ఇలాంటి జతని ఎదురుగా పెట్టుకుని. నా బుద్ధి గడ్డి తింది. మిగిలిన ఒక్క ప్లేటూ కెమెరాలో ఎక్కించాను. పాడె లేచేటప్పుడు ఒక ఫోటో తీసి ఇస్తాను, ఊరికే, అన్నాను. పెద్దాయన దణ్ణం పెట్టాడు.

కెమెరాని గుమ్మానికి ఎదురుగా పెట్టి, గుమ్మం మీద ఫోకస్ చేసుకున్నాను. నేను పాడెని చూడటం లేదు. పసిపిల్లని తెచ్చి తల్లి కాళ్ళకి ఒకసారి తాకించి, చెల్లెలి చేతికిచ్చారు. ఆడవాళ్ళు గుమ్మం దాటి రారు. పాడె లేచి, నా పక్కనుంచే ఇసకలోకి వెళ్ళింది. ఆ పిల్ల చంటిదాన్ని ఎత్తుకుని, గుమ్మంలో నిలబడి, వెళ్ళిపోతున్న అక్క వైపే కళ్ళు విప్పార్చుకుని చూసింది. ఎదురుగా నేనున్నానని కూడా ఆమెకి తెలీదు. బంతి నొక్కాను.

'టప్' మని చప్పుడైంది. ఆ పిల్ల ఉలిక్కిపడి నా వైపు తిరిగింది.

"నన్ను తీసేసేరేటి బాబూ?"

"లేదమ్మా. పాడెని తీశాను."

నమ్మేసింది. పెద్దమనిషి, పట్నం మనిషి, ఎందుకు అబద్ధమాడతాడనుకుందో. పైట కొసతో మొహం తుడుచుకుని, చంటిదాన్ని భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తిరుగు ప్రయాణానికి చిన్నాయన ఒక్కడే వచ్చాడు. పని ముగించి, స్నానం చేసి, తడి బట్టలతోనే నావ విప్పాడు. సముద్రం పోటెక్కి ఏట్లోకి తోస్తోంది గనక ఎదురు ప్రయాణమైనా నావ సులువుగానే పోతోంది. ఎప్పటికీ తెల్లారనట్టు ఉన్న ఆ రోజు అప్పుడు నిజంగానే సందెలోకి జారుతోంది.

"బాబూ, ఒక మాట," అన్నాడు. "గుంట కళ్ళు పడలేదు గదా?"

"పడలేదు," అన్నాను.

ఊపిరి వదిలాడు. నావ ఆ కొస నుంచి నాకు వినపడేలా వదిలాడు. "మీ పేరు పాడైపోద్దేటి ఈ పాలి," అని వేళాకోళం కూడా చేశాడు. "పోన్లెండి. మావోడికి సెప్తాను. రేత్రి కాడ్నుంచి ముద్ద ముట్టలేదు, ఆ గుంటని పెదనాన్న ఇంటికిచ్చేస్తారని." అంతలోనే ఏడుపొచ్చేసింది ఆయనకి. "సచ్చిపోనాది కూడా నా బిడ్డ లాటిదే బాబూ. దాని పీనిగి మీద కూకుని నేను సంతోషపడిపోతన్నాను సూడండి. ఎంత పాపిష్టోణ్ణో."

ఊరుకోవయ్యా అన్నాను.

స్టూడియోకి వచ్చాక, ఒట్టేసి చెబుతున్నాను, ముందు ఊహించే గీశాను. రెండు రోజులు కూర్చున్నాను. నా చేతికి అంత తెలిసినా, గీసిన కళ్ళు పెట్టేసరికి మొహం సంతలో అమ్మే మట్టిబొమ్మలా అయిపోయింది. మూడో రోజు ఆఖరి ప్లేటు కడిగాను. నీళ్ళలోంచి ఆ కళ్ళు తేలి వచ్చాయి. కొలతలు చూసి అతికిస్తే కత్తి ఒరలో ఒదిగినంత సులువుగా ఒదిగిపోయాయి. అంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా కలగలేదు. పాపం, పది నెలల పిల్లకి తల్లి దొరికింది గదా, ఎవరికేం నష్టం, ఊహించి వేశానంటే సరి, ఎవరు పట్టుకుంటారు అనుకున్నాను. అప్పటిదాకా ఎవరూ పట్టుకోలేదు మరి.

పెద్ద దినానికి ముందు అన్నదమ్ములిద్దరూ వచ్చారు. పటం కట్టించి ఉంచాను. కాగితం విప్పగానే పెద్దాయన కూలబడిపోయాడు. "అమ్మా, నా కోడలా," అంటూ పటాన్ని గుండెకి ఆనించుకుని, గది దద్దరిల్లేలా ఏడ్చాడు. దారినపోయేవాళ్ళు ఆగి చూశారు. నాకు గర్వంగానే ఉంది. ఎందుకు దాచాలి?

చిన్నాయన పటం అందుకుని వెలుతురు వైపు తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇవి ఎవరి కళ్ళు బాబూ?"

"ఊహించి వేశాను."

"ఊయించినవి ఏడవ్వు బాబూ," అన్నాడు.

వంగి చూశాను. కింది రెప్పల మీద నీటి పొర. అది నేను చూడకపోలేదు. తుడిచెయ్యొచ్చు, కుంచెతో అరనిమిషం పని. ఆ తడి వల్లే చూపుకి ప్రాణం వచ్చిందని కావాలనే ఉంచాను.

పెద్దాయన మళ్ళీ పటం లాక్కుని చూశాడు. ఆయన మొహం మారిపోయింది. "గుంటవే," అన్నాడు. "అది దాని సూపే." అప్పుడు నా వైపు తిరిగాడు. "మా ముందర సిగ్గుపడి ఇయ్యనన్నాది. మేం శవాన్ని తీసుకెల్లిపోనాక మీకు ఇచ్చినాదేటి బాబూ? తన ఇష్టంతోనే ఇచ్చినాదేటి?"

ఒక్క మాట. లేదు, నేను దొంగతనంగా తీశాను అంటే చాలు. చిన్నాయన నా వైపే చూస్తున్నాడు. నావలో నేను చెప్పిన అబద్ధం తెలిసినవాడు ఆయనొక్కడే, అయినా ఆ కళ్ళలో కోపం లేదు, బతిమాలుకోవడమే ఉంది. గుమ్మం దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు నా ఖాతాదారులు. తలూపాను.

చిన్నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "గంగమ్మ మీద అనుకున్నాం గదన్నా," అన్నాడు. "ఇచ్చినాది. నీ ఇంటికే."

వాళ్ళు వెళ్ళిపోయాక కూడా పరిగెత్తుకుని వెళ్ళి చెప్పొచ్చు. ఏటి రేవు ఎంతో దూరం లేదు. వెళ్ళలేదు. మర్నాడు వెళ్దామనుకున్నాను, వెళ్ళలేదు. నెల తిరక్కుండానే ఆ పిల్లకి బావతో పెళ్ళైపోయిందని, చిన్నాయన కొడుకు ఇల్లు వదిలి పారాదీపు వైపు పడవల మీద పనికి పోయాడని, చేపలమ్ముకునే ఒకామె చెప్పింది. ఆ తర్వాత శవాల కళ్ళు దిద్దడం మానేశాను. చూపు ఆనడం లేదని జనానికి చెప్పాను. అదీ అబద్ధమే.

ఏడాది దాటాక శ్రీకూర్మం డోలోత్సవానికి వెళ్ళాను. గుడి బయట బూరలమ్మేవాడి దగ్గర ఎవరో, "ఫోటో బాబూ," అన్నారు. తిరిగి చూస్తే ఆ పిల్లే. పిల్ల అనకూడదు ఇంక, మెళ్ళో పుస్తెలు, చంకన రెండేళ్ళ పాప. చిక్కిపోయింది. కాళ్ళు వెనక్కి పడ్డాయి నాకు, అయినా నిలబడ్డాను.

"మిమ్మల్ని ఒక్క మాట అడగాలని ఎన్నాళ్ళ బట్టో అనుకుంటన్నాను," అంది. కోపంగా అనలేదు, దారి అడిగినట్టు అడిగింది. "మీరు తలూపేరంట. నాకు నేనే మీ కాడికొచ్చి కళ్ళిచ్చినానని. మా అమ్మ అదే అంటాది. మా మావలిద్దరూ అదే అంటారు. ఊరిడిసి పోయేటప్పుడు మా... ఆ చిన్నమావ కొడుకు కూడా అదే అన్నాడు. నువ్వే ఇచ్చినావంట గదే, నన్నెందుకు తిప్పినావు అన్నాడు."

ఆమె పాపని ఇంకో చంకకి మార్చుకుంది.

"ఆయేల ఏడుపులో నాకేటీ గేపకం లేదు బాబూ. ఇంత మంది అంటంటే, నేనే వచ్చి కూకున్నానేమో, కూకుని మర్సిపోనానేమో అనిపిస్తన్నాది. నాకు పిచ్చెక్కిపోతన్నాది. మీరొక్కరే సూసినోరు. నేను ఇచ్చినానా?"

"ఇవ్వలేదమ్మా," అన్నాను. మళ్ళీ చెప్పాను. "నువ్వు ఇవ్వలేదు. గుమ్మంలో నిలబడితే నీకు తెలీకుండా తీశాను. నిన్నడిగితే అబద్ధమాడాను. మీ మామ అడిగితే మళ్ళీ ఆడాను."

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని అక్కడ నిలబడి ఎంత కోరుకున్నానో. "ఇయ్యలేదు," అని తనలో తను ఒకసారి అనుకుంది. "నేనియ్యలేదు." పాప బూర కావాలని పేచీ పెడుతూ, "పిన్నీ, పిన్నీ," అని గడ్డం పట్టి లాగుతోంది.

"దీనికి ఆ పటమే అమ్మ," అంది పాపని సర్దుకుంటూ. "పొద్దున్నే లేచి దానికి ముద్దెడతాది. మా ఆయన దానికి దండమెట్టుకుని గాని ఏటకెల్లడు."

జనంలోంచి ఆమె మొగుడు కొబ్బరికాయ పట్టుకుని మా వైపే వస్తున్నాడు. దూరం నుంచే నన్ను గుర్తుపట్టి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఆమె పైట సర్దుకుంది.

"ఆయేల సెప్పాల్సింది బాబూ," అంది. "ఈయేల నేనెవరికి సెప్పుకోను?"